ఫోన్ల మీద నిజంగానే ఎక్కువసేపు ఉంటున్నామా? సెల్ రిపేరు షాపులో కూర్చున్నవాడి జవాబు

ప్రశ్న అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 33, గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. ఫోన్ రోజుకు 5 గంటల 40 నిమిషాల స్క్రీన్ టైమ్ చూపిస్తోంది. ఇంట్లో ఆవిడ "ఫోన్ పిచ్చి" అంటోంది. నాలుగేళ్ళ పాప ఫోన్ చూపించనిదే ముద్ద మింగడం లేదు. జనం నిజంగానే ఫోన్ల మీద ఎక్కువ సమయం పెడుతున్నారా, లేక ఒకప్పుడు టీవీని తిట్టినట్టే ఇప్పుడు దీన్ని తిడుతున్నారా? కీప్యాడ్ ఫోన్‌కి మారిపోతే మంచిదా? చివర్లో, ఛార్జింగ్ పిన్ లూజు అయిందని ఒక మాట.

ముందు నా సంగతి చెప్తాను. నేను డాక్టర్ని కాదు, సైకాలజీ చదవలేదు. 2009 నుంచి తెనాలిలో సెల్ రిపేరు షాపు నడుపుతున్నాను. జనం ఫోన్‌తో ఎలా ఉంటున్నారో చెప్పడానికి వాళ్ళ మాటలకన్నా వాళ్ళు తెచ్చే ఫోన్లే నమ్మకమైన సాక్ష్యం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

జవాబు: అవును, ఎక్కువే పెడుతున్నాం. అలాగని ఆ 5 గంటల 40 నిమిషాల అంకె చూసి కంగారు పడకండి. కీప్యాడ్ ఫోన్ కూడా కొనకండి. మొత్తం ఎన్ని గంటలన్నది పెద్ద విషయం కాదు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడం దగ్గరే అసలు చిక్కు ఉంది. ఒకప్పుడు ఫోన్ వాడకంలో ఆగే చోట్లు చాలా ఉండేవి. ఒక్కొక్కటిగా అన్నీ పోయాయి. వాటిని మళ్ళీ మనమే పెట్టుకోవాలి.

ఎలా పోయాయో చెప్తాను.

నేను షాపు పెట్టినప్పుడు వచ్చేవన్నీ నోకియాలే. బీఎల్-5సీ బ్యాటరీ, 1020 ఎంఏహెచ్. ఒకసారి ఛార్జింగ్ పెడితే మూడు రోజులు, వాడకం తక్కువైతే నాలుగు రోజులు వచ్చేది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది బహుశా 5000 ఎంఏహెచ్ అయ్యుంటుంది, అంటే దాదాపు ఐదు రెట్లు. అయినా సాయంత్రానికి 15 శాతం చూపించి ఎర్రబడుతుంది. ఫోను ఎక్కువ పని చేస్తుంది కాబట్టి ఎక్కువ తింటుందన్నది నిజమే. కానీ స్క్రీన్ అంతసేపు వెలిగి ఉండటం ఇంకా పెద్ద కారణం. అప్పట్లో మాకు వచ్చే రిపేర్లు స్పీకరు, మైకు, కీప్యాడ్ స్టిక్కరు, నీళ్ళలో పడటం. ఇప్పుడు వచ్చేవి డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్. మాట్లాడటానికి వాడే వస్తువు, చూడటానికి వాడే వస్తువు అయిపోయిందని ఈ లిస్టే చెబుతుంది.

2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యే దాకా ఒక జీబీ డేటా అంటే సుమారు 250 రూపాయలు, అదీ నెలంతా సరిపెట్టుకోవాలి. ఒక పాట డౌన్‌లోడ్ చేయించుకోవడానికి కుర్రాళ్ళు మెమరీ కార్డు పట్టుకుని నా షాపుకి వచ్చేవాళ్ళు. జియో వచ్చాక రోజుకు ఒక జీబీ, ఒకటిన్నర జీబీ లెక్క మొదలైంది. అందులోనూ ఒక ఆగే చోటు ఉండేది. రాత్రి ఎనిమిదింటికి "మీ డేటా 100 శాతం అయిపోయింది" అని మెసేజ్ వచ్చేది, ఫోన్ పక్కన పెట్టేవాళ్ళు. 2022 అక్టోబరులో 5జీ వచ్చింది, ఆ తర్వాత చాలా ప్యాకుల్లో 5జీ డేటాకి లెక్కే లేకుండా పోయింది. ఆ మెసేజ్ రావడం మానేసింది. "డేటా అయిపోయింది, చిన్న ప్యాక్ వెయ్యండి" అని రాత్రిపూట పరుగెత్తుకొచ్చే గిరాకీ నాకు బాగా పడిపోయింది. దేశంలో ఒక్కో కనెక్షన్‌కి నెలవారీ డేటా వాడకం సగటున 20 జీబీ దాటడానికి ఇదొక కారణం.

రెండో ఆగే చోటు పేజీ చివర. పాత వెబ్‌సైట్లలో కింద 1, 2, 3 అని అంకెలుండేవి, "తరువాతి పేజీ" అని నొక్కాలి. నొక్కే ముందు ఒక్క క్షణం "ఇక చాలు" అనిపించేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ నొక్కే పని లేకుండా, కిందికి జరుపుతుంటే కొత్తది వస్తూనే ఉండే పద్ధతి తయారు చేశాడు. దాని వల్ల జనం ఎంత సమయం పోగొట్టుకుంటున్నారో చూశాక తర్వాత ఆయనే బాధపడ్డాడు. 2020 జూన్ 29న టిక్‌టాక్ మన దేశంలో నిషేధించారు. నెల తిరక్కముందే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ పెట్టింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ పెట్టింది. సీరియల్ అయితే అరగంటకి అయిపోతుంది, సినిమాకైనా ఇంటర్వెల్ ఉంటుంది. రీల్స్‌కి "శుభం" కార్డు పడదు.

టీవీతో పోలిక గురించి అడిగారు కదా, అందుకే ఆ పోలిక సగమే కుదురుతుంది. టీవీ హాల్లో ఉండేది. కరెంటు పోయేది. రిమోట్ కోసం కొట్లాట ఉండేది. మంచం మీదికి, బాత్రూమ్‌లోకి రాదు.

మంచం దాకా వచ్చే కేబుల్

ఇది మా షాపులో నేను కళ్ళారా చూసిన మార్పు. పదేళ్ళ కింద ఛార్జర్ కొనేవాళ్ళు కేబుల్ పొడుగు అడిగేవాళ్ళే కాదు. ఇప్పుడు మొదటి ప్రశ్న "అన్నా, రెండు మీటర్లది ఉందా? మంచం దాకా రావాలి." రోజూ ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతారు. అమ్ముతున్నాను, నాకు లాభమే. కానీ ఆరు నెలలకి అదే మనిషి ఛార్జింగ్ పిన్ లూజు అయిందని వస్తాడు. ఎందుకంటే ఛార్జింగ్ పెట్టి, పడుకుని, ఫోన్‌ని గుండెల మీద నిలబెట్టి చూస్తాడు. కేబుల్ పిన్ దగ్గర వంగి, ఫోన్ బరువంతా దాని మీద పడుతుంది. పిన్ లోపలి నాలుక కదిలిపోతుంది. ఒక డిగ్రీ కుర్రాడికి ఏడాదిలో మూడుసార్లు పిన్ మార్చాను. మూడోసారి "నువ్వు రాత్రి ఏ వైపు తిరిగి పడుకుంటావో నాకు తెలుసు రా, పిన్ ఎడమ పక్కకే అరుగుతోంది" అన్నాను. సిగ్గుపడి నవ్వాడు. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా చూస్తాడట, పొద్దున క్లాసులో నిద్ర.

మీ ఫోన్ పిన్ కూడా లూజు అయిందని రాశారు. అందుకే అడుగుతున్నాను, ఏమనుకోకండి: ఛార్జింగ్ పెట్టి పడుకుని చూస్తున్నారా?

బ్యాటరీ కూడా ఇలాంటి సాక్ష్యమే. లిథియం బ్యాటరీ మామూలుగా 500 నుంచి 800 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక బలం తగ్గుతుంది. రోజుకు ఒక ఫుల్ ఛార్జ్ వాడేవాడికి ఏడాదిన్నర, రెండేళ్ళు వస్తుంది. రోజుకు రెండు ఫుల్ ఛార్జ్‌లు వాడితే ఏడాదికి 730. అందుకే కొన్న ఏడాదికే "కంపెనీ మోసం, బ్యాటరీ ఉబ్బింది" అని వచ్చేవాళ్ళలో కొందరి సెట్టింగ్స్ తెరిచి చూపిస్తాను. నిన్న ఒక్కరోజే స్క్రీన్ తొమ్మిది గంటలు వెలిగిందని చూడగానే గొంతు తగ్గిపోతుంది. అమోలెడ్ డిస్‌ప్లేల మీద ఇంకో గుర్తు పడుతుంది. ఒకే బొమ్మ ఒకే చోట నెలల తరబడి వెలిగితే ఆ నీడ స్క్రీన్ మీద ఉండిపోతుంది. తెల్ల బొమ్మ పెట్టి చూస్తే కింద వరసలో ఏ యాప్ గుర్తులు అచ్చుపడ్డాయో కనిపిస్తాయి. ఎవరు ఏం చూస్తున్నారో అడగక్కర్లేదు.

గంటల అంకె ఎందుకు నమ్మకూడదంటే

మా ఊళ్ళో ఒక ఆటో ఆయన ఉన్నాడు. ఫోన్ తెరిస్తే రోజుకు 11 గంటలు. బండి బుకింగ్ యాపు, మ్యాపు, పొద్దున్నుంచి రాత్రి దాకా హ్యాండిల్ దగ్గర వెలుగుతూనే ఉంటుంది. ఇంటికెళ్ళాక ఫోన్ టీవీ మీద పెట్టేసి పడుకుంటాడు. ఇంకొకావిడ టైలరు. రోజుకు మూడు గంటలే, కానీ ఆ మూడు గంటలూ అర్ధరాత్రి ఒంటిగంటకి. పొద్దున కళ్ళు మంటలు, కుట్టులో తప్పులు. ఎవరిది ఎక్కువ?

కాబట్టి మీరు మొత్తం అంకె వదిలేసి ఇవి చూడండి. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది (ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్, రెండూ 2018లో వచ్చినవే).

రోజుకు ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు? గంటల కన్నా నాకు ఈ అంకె ముఖ్యం. 120, 150 చూపిస్తే అందులో చాలావరకు మీకు పని ఉండి తీసినవి కావు, ఊరికే చెయ్యి జేబులోకి వెళ్ళినవి. మా కౌంటరు దగ్గర రోజూ చూస్తాను. ఫోన్ రిపేరుకిచ్చి బల్ల మీద కూర్చుంటారు. ఐదు నిమిషాలకోసారి చెయ్యి జేబులోకి పోతుంది, ఖాళీగా తిరిగొస్తుంది. ఫోన్ నా చేతిలో విప్పి ఉందని తెలుసు, ఎదురుగా కనబడుతూనే ఉంది, అయినా చెయ్యి ఆగదు.

రాత్రి పదిన్నర దాటాక ఎంతసేపు? చాలా ఫోన్లలో యాప్ పేరు మీద నొక్కితే గంటలవారీగా చూపిస్తుంది. మీ 5 గంటల 40 నిమిషాల్లో ఒక గంట ఆఫీసు వాట్సాప్, అరగంట మ్యాపు, యూపీఐ, కాల్స్ ఉండొచ్చు. పదిన్నర తర్వాత రెండు గంటలు ఉంటే మాత్రం మీ ఆవిడ మాట నిజమే.

తీసింది మీరా, ఫోనా? రోజుకు ఎన్ని నోటిఫికేషన్లు వస్తున్నాయో కూడా అక్కడే ఉంటుంది. ఒక కిరాణా కొట్టాయనకి రోజుకు నాలుగు వందలకు పైగా వచ్చేవి. షాపింగు, లోన్లు, ఆటలు, వార్తలు. ఫోన్ స్లో అయిందని తెచ్చాడు. నలభై యాపులకి నోటిఫికేషన్లు ఆపేసి ఇచ్చాను, పార్టులేమీ మార్చలేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చి "ఏం వేశావయ్యా, ఫోన్ భలే ఫాస్టుగా ఉంది" అన్నాడు. ఫోన్ స్పీడు నిజానికి పెద్దగా మారలేదు. ఆయనకి ప్రశాంతంగా ఉంది, అంతే.

కీప్యాడ్ ఫోన్ ఎందుకు వద్దంటున్నాను

ఏడాదికి పది పదిహేను మంది పట్టుదలగా వచ్చి కీప్యాడ్ ఫోన్ కొంటారు. ఎక్కువ కాలం నిలబడినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే, ఇద్దరూ రైతులు, స్మార్ట్‌ఫోన్ కొడుకుల దగ్గర ఉంది. మిగతావాళ్ళు రెండు వారాల్లోపే తిరిగొచ్చారు. ఆఫీసు గ్రూపులో మీటింగు తెలియలేదని ఒకాయన, పిల్లల స్కూలు మెసేజ్ చూడలేదని ఒకావిడ, కూరగాయల బండి దగ్గర చిల్లర లేక తిరిగొచ్చానని ఒకాయన. మామూలు ఫోన్‌తో కూడా యూపీఐ 123పే ద్వారా డబ్బు పంపొచ్చు, 2022 నుంచే ఉంది, కానీ వాడేవాళ్ళు తక్కువ. వెనక్కి వచ్చినవాళ్ళు రెట్టింపు ఆకలితో చూస్తారు, ఉపవాసం విడిచినట్టు.

దానికి బదులు నేను చెప్పేవి ఇవి. అన్నీ చెయ్యక్కర్లేదు, మొదటి రెండూ చేస్తే చాలు.

ఛార్జర్‌ని పడకగదిలోంచి హాల్లోకి మార్చండి. పొట్టి కేబుల్ వాడండి, అరమీటరుది. అలారం కోసం ఫోన్ కావాలంటారు, అందరూ అదే అంటారు. రెండు మూడు వందలకి అలారం గడియారం వస్తుంది. మా షాపులో అమ్మను, పక్క వీధి వాచీల కొట్టులో ఉంటాయి, మీ ఊళ్ళోనూ ఉంటాయి.

ఇంట్లో వైఫై ఉంటే పదిన్నరకి రౌటర్ స్విచ్ ఆపేయండి. సిమ్‌లో 5జీ ఆపి 4జీకి పెట్టుకోండి. అప్పుడు మీ రోజువారీ డేటాకి మళ్ళీ లెక్క వస్తుంది. వినడానికి వెర్రిగా ఉంటుంది కానీ నేను చెప్పినవాటిలో ఎక్కువమందికి పనిచేసింది ఇదే. పాత రోజుల ఆ "డేటా అయిపోయింది" మెసేజ్‌ని మళ్ళీ ఇంటికి పిలుచుకోవడం అన్నమాట.

యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి. సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ తుడిచేసి, ఆపేసి చూడండి. తెరవగానే హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. ఏం చూడాలో మీరే వెతుక్కోవాలి. వంట వీడియో కావాలంటే వెతుకుతారు, చూస్తారు, బయటికొస్తారు.

యాప్ టైమర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లలో ఆ టైమర్‌కి పిన్ నంబరు ఉండదు, పెట్టిన చెయ్యే తీసేస్తుంది. ఐఫోన్‌లో అయితే పాస్‌కోడ్ పెట్టొచ్చు, అది మీ ఆవిడ చేత పెట్టించండి, మీకు చెప్పొద్దనండి. స్క్రీన్‌ని నలుపు-తెలుపు చేసుకోవడం వారం పది రోజులు బాగుంటుంది, తర్వాత కళ్ళు అలవాటు పడతాయి. ఇక స్క్రీన్ మీద అంటించే బ్లూ లైట్ గ్లాసులు, రేడియేషన్ ఆపే స్టిక్కర్లు: వాటి వల్ల మీరు చూసే సమయం ఒక్క నిమిషం కూడా తగ్గదు. స్టిక్కర్లు నేను అమ్మను. గ్లాసు అడిగితే ఇస్తాను, ఈ మాట చెప్పి మరీ ఇస్తాను. అయినా కొంటారు.

పాప సంగతి

ఇక్కడ మాత్రం కొంచెం గట్టిగానే చెప్తాను. పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దంది. రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి రోజుకు గంట దాటకూడదంది, అదీ పెద్దవాళ్ళు పక్కనుండగా. మూడు పూటలూ ఫోన్ చూస్తూ తింటే ఆ గంట అన్నం దగ్గరే అయిపోతుంది.

తల్లులు నా దగ్గరికొచ్చి "యూట్యూబ్ తీసేయండన్నా" అంటారు. అది ఫోన్‌తోపాటే వచ్చిన యాపు, పూర్తిగా తీయడం కుదరదు, డిసేబుల్ చేసి ఇస్తాను. రెండు రోజులకి మళ్ళీ వస్తుంది, ఎందుకంటే నాన్న ఆన్ చేస్తాడు. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితమే, పిల్లల ఫోన్‌కి సమయం, పడుకునే వేళ పెట్టొచ్చు. పెద్ద పిల్లలకి బాగానే ఉంటుంది. కానీ పిల్లలు లాక్ పిన్ నంబరు చూసి గుర్తుపెట్టుకుంటారు. మధ్యాహ్నం నిద్రపోతున్న తండ్రి వేలు పట్టుకుని లాక్ తీసిన ఏడేళ్ళవాడిని వాళ్ళమ్మే నా షాపుకి తీసుకొచ్చి మరీ చెప్పింది, కోపమో మురిపెమో తెలియని మొహంతో.

నాలుగేళ్ళ పాపకి యాపులతో పనిలేదు. అన్నం దగ్గర ఫోన్ ఒక్కసారిగా ఆపితే మూడు నాలుగు రోజులు ఏడుస్తుంది, సరిగ్గా తినదు. ఆ నాలుగు రోజులు ఇంట్లో అమ్మమ్మో నాన్నమ్మో ఉండేలా చూసుకోండి, ఏడుపు చూసి ముందు మనమే కరిగిపోతాం కాబట్టి. ఆ పూట మీ ఫోన్ కూడా కంచం దగ్గర ఉండకూడదు.

"చదువు కోసమే కొనిచ్చాం" అనే తల్లిదండ్రులకి ఒక లెక్క. గ్రామాల పిల్లల మీద చేసే అసర్ సర్వే 2024లో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో అంతకుముందు వారం ఫోన్‌ని చదువు పనికి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. చదువుకి వాడటం లేదని కాదు. రెండోది ముందు నడుస్తోంది.

నా చేతిలో లేనివి

కొన్ని కేసులకి పైన చెప్పిన చిట్కాలేవీ పనిచేయవు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఆన్‌లైన్ పేకాటలో వాళ్ళ నాన్న ధాన్యం డబ్బు పోగొట్టాడు. డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది గానీ, దొడ్డిదారి యాపులు ఇంకా ఫోన్లలో కనిపిస్తూనే ఉన్నాయి. ఫోన్ లాక్కుంటే చెయ్యి చేసుకునేవాళ్ళు, రెండు మూడు రోజులు నిద్ర లేకుండా ఆడేవాళ్ళు, చదువు మానేసినవాళ్ళు ఉంటే రిపేరు షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌లో ఇలాంటివాళ్ళ కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ అని నడుపుతున్నారు. మీ ప్రశ్న చదివితే మీరు అంతదూరం వెళ్ళినట్టు నాకనిపించలేదు.

ఇంత చెబుతున్నాను కదా, నా సంగతీ చెప్పాలి. కిందటి సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి నా ఫోన్ తీసి చూపించింది, నాలుగు గంటల పది నిమిషాలు. "అవి బోర్డు రిపేరు వీడియోలమ్మా, పని నేర్చుకోవడానికి" అన్నాను. "మరి ఈ గంటా ఇరవై నిమిషాలు చేపలు పట్టే వీడియోలు ఎందుకు నాన్నా?" అంది. జవాబు లేదు. మా ఆవిడ వంటగదిలోంచి "పగలంతా ఊళ్ళోవాళ్ళ ఫోన్లు, రాత్రి నీ ఫోను" అంది. ఆ రోజు నుంచి నా ఛార్జర్ షాపులోనే ఉంటోంది. రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించేటప్పుడు ఎంత ఛార్జింగ్ ఉంటే అంతే. ఇప్పుడు రెండున్నర గంటల దగ్గర ఉంది. చేపలు పూర్తిగా మానలేదు.

పదిహేను రోజులు చేసి చూసి అన్‌లాక్‌ల అంకె, పదిన్నర తర్వాతి సమయం, రెండూ ఇక్కడ రాయండి. తగ్గకపోతే ఏం చెయ్యాలో మళ్ళీ మాట్లాడదాం.

ఛార్జింగ్ పిన్ మార్పించుకునే ముందు ఒక పని చెయ్యండి. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో పిన్ లోపల అంచుల వెంట మెల్లగా గీకండి. సూది, పిన్నీసు వాడొద్దు. జేబులోని దూది, దుమ్ము ఉండలా గట్టిపడి బయటికొస్తుంది. చాలాసార్లు అది తీస్తే చాలు, కేబుల్ మళ్ళీ టక్కున కూర్చుంటుంది, మాలాంటివాళ్ళకి డబ్బు కట్టక్కర్లేదు. అప్పటికీ లూజుగానే ఉంటే పిన్ పోయినట్టే.